గృహవిజ్ఞానము: వీణపై పూత లేచినపుడు

శ్రావణ భాద్రపదములు గడచి దేవీనవరాత్రములు వచ్చుచున్నవి. సంవత్సరమంతయు మూలనున్న వీణను సరస్వతీపూజకై మనము వెలికిదీయునది ఈ దినములలోనే. గవిసెన విప్పి చూచునప్పటికి కుండమీదనో, దండి ప్రక్కనో మెఱుగుపూత అప్పడమువలె పొంగి, అంచులు లేచి, లోపల తెల్లని మచ్చ కనబడును. ఇల్లాలి మనస్సు చివుక్కుమనును. మఱుక్షణమే చేతిగోరు ఆ అంచుమీదికి పోవును. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ గోటిని ఆపుటకే.

సోదరీమణులకు బోధలు చేయవలెనను కోరికతో దీనిని వ్రాయుటలేదు. ఒక మంచి వీణను మా చేతులతో మేమే చెడగొట్టి, తరువాత నేర్చుకొన్న సంగతులివి.

మా పుట్టినిల్లు కైకలూరు ప్రాంతమున, కొల్లేటికి చేరువనున్నది. మా అమ్మగారి వీణ నూజివీడులో చేసినది, పనసకఱ్ఱది. పెండ్లియైన యేట ఆమెతోపాటు ఆ ఇంటికి వచ్చినది. ఒక వానకాలమున పెరటిలోనికి నీరు వచ్చి, గోడలు నడుమెత్తువఱకు చెమ్మగిల్లి, మూడు నాలుగు వారములు ఆఱలేదు. వీణ ఆ గోడకే ఆనించియుండెను. నీరు తగ్గిన పిమ్మట చూతుము గదా, కుండమీద తమలపాకంత మేర పూత లేచియున్నది. అమ్మగారు అప్పుడు తాడేపల్లిగూడెములో మా పిన్నిగారియింట నుండిరి. ఆమె వచ్చులోపల బాగుచేసి సంతోషపెట్టవలెనని మేము తలచితిమి.

గోటితో అంచు పట్టి లాగితిమి. ఉల్లిపొరవలె వచ్చినది. వచ్చుచున్నది గదాయని ఇంకను లాగితిమి. తమలపాకంత మచ్చ అన్నపుకంచమంత యైనది. పిమ్మట బజారునుండి తలుపులకు వేయు వార్నీషు తెప్పించి, కుండకేగాక పైపలకకు సయితము దట్టముగా రెండు పూతలు పూసితిమి. పది దినములైనను అది ఆఱలేదు. పైన కప్పిన గుడ్డ నేత దానిమీద అచ్చుపడెను. అమ్మగారు వచ్చి, గవిసెన తీసి, వ్రేలితో తాకి, "ఎవరమ్మా ఇది పూసినది?" అని అడిగిరి. చెప్పితిమి. ఆమె కోపపడలేదు. ఒక్కమాఱు తంత్రి మీటి విని, గవిసెన మరల తొడిగిరి. మఱుసటి దసరావఱకు ఆ ఇంట వీణ మ్రోగలేదు.

ఆ వీణను నూజివీడు తీసికొనిపోయినపుడు అచ్చటి పనివారు అన్నమాట మాకు నేటికిని జ్ఞాపకమున్నది. "పొక్కు చూచి పూత గోకినారు గాని, తడి ఎక్కడనుండి వచ్చినదో చూడలేదు గదమ్మా!" ఈ వ్యాసమునకంతటికి మూలము ఆ యొక్క మాటయే.

పూత ఏల లేచును?

కఱ్ఱ చెట్టునుండి వేఱుపడి ఎన్నియేండ్లయినను గాలిలోని తేమను పీల్చుచు విడచుచునే యుండును. పీల్చినపుడు ఉబ్బును, విడచినపుడు ముడుచుకొనును. ఈ ఉబ్బుట పోగు వెంబడి బహుస్వల్పము. పోగునకు అడ్డముగా ఎక్కువ. పైనున్న పూత కఱ్ఱతో సమానముగా సాగజాలదు. ఏటేట ఈ ఈడ్పులు తగిలి తగిలి, ఎక్కడ పట్టు తక్కువగా నుండునో అక్కడ పూత కఱ్ఱను విడచును. విడచినచోట సన్నని గాలిపొర చేరుటచేతనే మచ్చ తెల్లగా కనబడును.

కృష్ణా గోదావరుల నడుమనున్న మన కొల్లేటిసీమలో ఈ బాధ హెచ్చు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల నీరంతయు ఈ సరస్సునకు చేరి, ఉప్పుటేఱు మార్గమున సముద్రమునకు పోవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ మునిగినపుడు ఆ నీరును దిగువకు కొల్లేటికే వచ్చినది. ఇట్టి దినములలో గాలిలోని తేమ నూటికి 80 పాళ్లు దాటుట మనకు క్రొత్తగాదు. గిటారువంటి కఱ్ఱవాద్యములకు 45 మొదలు 55 పాళ్లవఱకు అనుకూలమని వాద్యనిర్మాతలు చెప్పుదురు. మరల రోహిణికార్తెలో ఎండ నిప్పులు చెఱుగును. ఇప్పటి ఇండ్లలో మఱియొక చిక్కు కూడ చేరినది: చల్లనియంత్రమున్న గదిలో రాత్రియంతయు గాలి పొడిగానుండును, ప్రొద్దుట వీణను వసారాలోనికి తెచ్చినంతనే తేమ తగులును. ఏడాదికొకమాఱు తగులవలసిన దెబ్బ దినదినము తగులుచున్నది.

రెండవ కారణము నూనె. వీణ వాయించువారు ఎడమచేతివ్రేళ్లు తంత్రిపై జాఱుటకై కొంచెము కొబ్బరినూనె రాచుకొందురు. ఆ నూనె దండి ప్రక్కలకు దిగి, పూతలో వెండ్రుకంత బీటయున్నను లోనికి ప్రాకును. నూనె చేరిన కఱ్ఱను ఏ పూతయు పట్టదు. మూడవది మన భక్తి! పూజనాడు గంధము, పసుపు, కుంకుమ నీటితో తడిపి కఱ్ఱమీదనే బొట్లు పెట్టుదుము. ఆ తడి అచ్చటనే ఆఱును, మఱుసటియేడు మరల అచ్చటనే పెట్టుదుము. మా వీణపై మొదటి పొక్కు లేచినది సరిగా బొట్టుపెట్టుచోటనే యని పనివారు చూపినపుడు మేము సిగ్గుపడితిమి.

పూత యెట్టిదో తెలిసికొనుట

పాతకాలపు వీణలమీద చాలవఱకు స్పిరిటులో కరగిన లక్కపూతయే యుండును. లక్కగాజులు తొడుగుకొన్న మనకు లక్క క్రొత్తగాదు. మోదుగు, రేగు మొదలగు చెట్ల కొమ్మలమీద ఒక సూక్ష్మమైన పురుగు కట్టుకొను గూటినుండి అది వచ్చును. ఏటికొప్పాక బొమ్మల మెఱుగును దానిదే. లక్క నీటిలో కరగదు, స్పిరిటులో కరగును. ఆ గుణమువలన మనకొక మేలు కలదు: క్రొత్తగా వేసిన పూత పాతపూతను కొంచెము కరగించి దానిలో కలిసిపోవును. కనుక లక్కపూతను బాగుచేయుటకు దానినంతయు తీసివేయనక్కఱలేదు.

ఇటీవలి వీణలపైనను, అంగళ్లలో దొరకు గిటారులపైనను పాలియురెథేను వంటి గట్టిపూతలు వేయుచున్నారు. అవి స్పిరిటుకు కరగవు. కావున పని మొదలిడుటకు ముందు కుండ అడుగున, ఎవరికిని కనబడని చోట, పుల్లకు చుట్టిన దూదిని స్పిరిటులో ముంచి పిండి ఒక్కక్షణము తాకింపుడు. పూత జిగురుగానై దూదికి రంగంటినచో అది లక్క. ఏమియు కానియెడల అది వేఱుపూత. దానిని ముట్టక పనివారికి చూపుట మేలు.

లేచిన పూతకు చికిత్స

మొట్టమొదట చేయవలసినది ఏమియు చేయకుండుటయే. తంత్రులను ఒక్కింత సడలించి, వీణను గోడకు దూరముగా, గాలి యాడు నీడలో రెండు వారములుంచుడు. ఎండలో పెట్టరాదు. మెట్లు నిలిచియున్నది మైనముమీద గదా! ఎండకు మైనము మెత్తబడి, ఇరువదినాలుగు మెట్లును చెదరి, శ్రుతి పాడగును. పొయ్యిదగ్గఱను, తల ఆఱబెట్టుకొను వేడిగాలి యంత్రముతోను ఆఱబెట్టరాదు. కొన్నిసార్లు పూత లేవకయే పాలవలె తెల్లబాఱును. అది పూతలో చిక్కుకొన్న తేమ. ఈ రెండు వారముల ఆరుదలతోనే అట్టి తెలుపు చాలవఱకు పోవచ్చును.

పిదప మెత్తని పాతనూలుగుడ్డతో దుమ్ము తుడువుడు. గుడ్డ దారము లేచిన అంచునకు తగులుకొనకుండ, అంచు వైపునుండి లోనికి గాక, గట్టిగానున్న పూత వైపునుండి అంచువైపునకు చేయి నడుపుడు. సబ్బునీరు, కిరసనాయిలు, కొబ్బరినూనె ఏవియు పనికిరావు. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులకు రాచుకొను శానిటైజరుతో వాద్యములను తుడిచినవారు కలరు. దానిలోని స్పిరిటు లక్కను కరగించును, నీరు తెల్లబాఱజేయును.

ఇక మందు. రంగుల దుకాణములలో లక్కరేకులును, పాలిషుకు వాడు స్పిరిటును దొరకును. 10 గ్రాముల రేకులను 100 మిల్లీలీటర్ల స్పిరిటులో వేసి, గాజుసీసాలో మూతబెట్టి ఒకరాత్రి యుంచి, మఱునాడు పలుచని గుడ్డతో వడకట్టుడు. ఇనుపపాత్రలో చేసిన రంగు నల్లబడును. ఒక పనికి కావలసినంతయే చేసికొనవలెను; నెలలతరబడి నిలువయుంచిన లక్కనీరు పూసినపిమ్మట సరిగా ఆఱక జిడ్డుగా నిలుచును. మాకు జరిగినది మీకును జరుగగలదు.

లేచిన పొర ఊడిపోక నిలిచియున్నచో చిత్రములు వ్రాయు సన్నని కుంచెను ఆ నీటిలో ముంచి, అంచు క్రిందికి ఒక్కబొట్టు మాత్రము దిగనీయుడు. అది తనంతట తాను సందులోనికి ప్రాకును. ఒకటి రెండు నిమిషములకు పొర మెత్తబడును. అప్పుడు పలుచని నున్నని ప్లాస్టిక్కు కాగితమును దానిపై పఱచి, వ్రేలితో మెల్లగా మధ్యనుండి అంచునకు అదుముడు. చిన్నగుడ్డసంచిలో ఇసుక పోసి, దానిని బరువుగా పెట్టి, ఒకదినము కదపకుండుడు. బొట్టు హెచ్చినచో చుట్టునున్న మంచిపూతయు కరగి ముడుతలు పడును. పనిలో నేర్పంతయు ఆ బొట్టును తగ్గించుటలోనే యున్నది.

పొర ఊడి కఱ్ఱ బయటపడినచో, ఆ గుంటలో మాత్రమే కుంచెతో పలుచని పూతవేసి, మూడు నాలుగు గంటలు ఆఱనిచ్చి, మరల వేయవలెను. దినమునకు రెండు పూతలు చాలును. ఇట్లు ఆఱెనిమిది పూతలకు గుంట చుట్టుపట్లకు సమమగును. వారముదినములు విడచి, మిక్కిలి సన్నని గరుకుకాగితముతో ఉబ్బినచోటు మాత్రము తాకీ తాకకుండ రుద్దుడు. కడపట నూలుగుడ్డను మడిచి ఉండచేసి, లక్కనీటితో ఇంచుక తడిపి, ఆ మేరకు ఆగక తుడిచినట్లు నడుపుడు. చేయి ఒకచోట నిలిచెనా, గుడ్డ అంటుకొని మరల గుంటపడును. ఒకేమాఱు దట్టముగా పూయవలెనను ఆశ వలదు. దట్టమైన పూత పైన ఆఱి లోన పచ్చిగా నుండును. పైపలకకు అది మఱింత చెఱుపు. తంత్రి కదిలినపుడు గుఱ్ఱముద్వారా కదలవలసిన పలక బరువెక్కి నాదము మూగవోవును. అమ్మగారు ఆనాడు తంత్రి మీటి విన్నది అదియే.

ఒక హెచ్చరిక. స్పిరిటు అగ్నివంటిది, విషము కూడ. పాండవులను దహింప దుర్యోధనుడు కట్టించినది లక్కయిల్లే గదా! దీపము, పొయ్యి, అగరువత్తి లేనిచోట, కిటికీలు తెఱచుకొని పని చేయవలెను. సీసాపై పేరు వ్రాసి పిల్లలకందని యెత్తున పెట్టవలెను. మంచినీళ్ల సీసాలో నెప్పుడును పోయరాదు. తడిసిన గుడ్డలను బయట విప్పి ఆఱవేయవలెను.

మనము చేయరాని పనులు

పొక్కు అరచేతికంటె పెద్దదైనను, పూతతోపాటు కఱ్ఱయు బీటవారినను, పైపలక అతుకు విడినను, మెట్లక్రింది మైనము కదలినను, నూనె చాలదూరము ప్రాకినను ఇంటిచికిత్సకు దిగరాదు. ఏలూరువారికి నూజివీడు ఒక పూట ప్రయాణము. 2022 ఏప్రిలులో జిల్లాలు మార్చినపుడు అది ఏలూరు జిల్లాలోనికే వచ్చినది. విజయనగరముదిక్కు వారికి బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లి కలదు. ఒకేమానున తొలచు బొబ్బిలివీణల పుట్టిల్లదియే. పోవునపుడు మీరేమి పూసితిరో దాచక చెప్పుడు. వైద్యునియొద్ద దాచినట్లే, వీరియొద్ద దాచినను పని చెడును.

గిటారు సంగతి

వీణ లేని యిండ్లలో గిటారు కలదు. చర్చిలో పాటలకు వాయించువారును, కళాశాలలకు పోవు పిల్లలును ఉన్నయిండ్లలో అది సామాన్యమైనది. దానికిని ఇదే గాలి, ఇదే తేమ. పూత ముఖ్యముగా తంత్రులను పట్టియుంచు గుఱ్ఱము చుట్టును, నడిమి రంధ్రపు టంచునను, కుడిచేయి ఆనుచోటను లేచును. గట్టిపూతగల గిటారులకు లక్కనీరు పనిచేయదు. అట్టివాని అంచుక్రింద, క్షణములో అంటుకొను పలుచని జిగురును సూదిమొనతో ఒక్కబొట్టు దింపుదురు. గాలి యుండినచోట జిగురు నిండగనే తెల్లమచ్చ మాయమగును. ఆ జిగురు వ్రేళ్లను సయితము అతుకును, దాని ఆవిరి కండ్లకు మంట. కాన పిల్లలచేతికీయక పెద్దలే చేయవలెను. చవుకగిటారులకు ఈ పని యింట చేసికొనవచ్చును. పాతకాలపు విలువగల గిటారుకు మాత్రము చేయరాదు. వానిలో కొన్నిటిపై 1920 దశకమునుండి వాడుకలోనికి వచ్చిన నైట్రోసెల్లులోజు పూత యుండును, దాని చికిత్స వేఱు. పూతగాక గుఱ్ఱమే పైకి లేచుచున్నచో వెంటనే తంత్రులు సడలించి దుకాణమునకు పంపుడు.

రాకుండ కాపాడుకొనుట

కొల్లేటి చాంతాడువలె ఈ వ్యాసము పెరుగుచున్నది గాన క్లుప్తముగా చెప్పెదము. వీణను గోడకానింపక, నేలపై నుంచక, చాపవేసిన పీటపై నుంచుడు. రెక్సిను, ప్లాస్టిక్కు తొడుగులు తేమను లోన బంధించును. నూలుగుడ్డతో కుట్టిన గవిసెన మేలు. మీ పాతచీరలోనుండి ఒక మధ్యాహ్నములో దానిని కుట్టవచ్చును. వాయించిన పిమ్మట దండి ప్రక్కలనున్న నూనెను పొడిగుడ్డతో తుడిచి పెట్టుడు. పూజనాడు బొట్టును గవిసెనకుగాని, వీణముందుంచిన తమలపాకునకుగాని పెట్టుడు. సరస్వతి దానికి అలుగదు. వానకాలమున వారమునకొకమాఱు గవిసెన తీసి చూడుడు. వారమువారము వాయించుచున్న యింటిలో చిటికెనవ్రేలి గోరంత పొక్కు కూడ వెంటనే కంటబడును. మూలబెట్టిన యింటిలో దసరాకుగాని కనబడదు. మా వీణ అట్లే చెడినది. గోడ చెమ్మగిల్లిన ఆ వారములలో ఎవరైనను ఒక్కనాడు దానిని ఒడిలోనికి తీసికొనియుండిన తమలపాకంత మచ్చయే లేకుండెడిది.

నూజివీడు పనివారు ఆ వార్నీషునంతయు మెల్లగా గీకితీసి, పలుచని లక్కపూతలు వేసియిచ్చుటకు నెలదినములు పట్టినది. మేము గోటితో లాగినచోట రంగు కొంచెము లేతగా నిలిచిపోయినది. దానిని కూడ కలిపివేయుదుమా యని వారడిగిరి. "వలదు, ఉండనిండు, పిల్ల సంతోషపెట్టవలెననియే చేసినది" అని అమ్మగారు చెప్పిరి. ఆ సాయంకాలము ఇంటికి వచ్చి, కాళ్లు కడుగుకొని, ఏడాది తరువాత మొదటిసారి ఆమె వీణ శ్రుతిచేయుచుండగా మేము గడపలోనే నిలిచి వింటిమి.

సోదరీమణులలో వీణ, తంబుర, ఫిడేలు, గిటారు మొదలగు వాద్యములను వానకాలమునుండి కాపాడుకొను ఉపాయములు తెలిసినవారు తమ యనుభవములను మాకు వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. చెడగొట్టిన యనుభవములనైనను దాచవలదు. వచ్చు సంచికలలో సంతోషముతో ప్రకటింతుము.